టెస్ట్ పేజీ మాత్రం బాగానే వస్తుంది

ప్రింటర్ పాడైందని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. రిటైరై విజయవాడ పటమటలో ఇంటిపట్టున ఉంటున్నాను కాబట్టి వీధిలో ఎవరికి ఏ మెషిన్ మొరాయించినా నా దగ్గరికే వస్తారు. 'ప్రింటర్ చచ్చిపోయిందండీ' అంటారు. 'ఏం ప్రింట్ చేశారు?' అని అడుగుతాను. 'ఏం చేస్తే ఏమిటండీ, కాగితమే కదా' అని విసుక్కుంటారు. ఆ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. అది నేర్చుకోవడానికి ఒక కాలేజీ పరువూ, ఒకావిడ ఉద్యోగమూ, నా బుర్రలో మిగిలిన కాస్త ప్రశాంతతా పణంగా పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు కాలేజీల్లో, ఆఫీసుల్లో సిస్టమ్స్ చూస్తున్న పిల్లల కోసం ఆ సంగతి చెబుతున్నాను. పనికొస్తే సరే, రాకపోతే మా అవస్థ చూసి నవ్వుకోండి.

విజయవాడ చుట్టుపక్కల చెరుకు తోటల మధ్యా వరి చేల మధ్యా లేచిన ఇంజనీరింగ్ కాలేజీలు బోలెడున్నాయి. అందులో ఒకటి మాది. పేరు చెప్పను. చెప్పకపోయినా వాటిల్లో పనిచేసిన ప్రతివాడూ 'ఇది మా కాలేజీయే' అనుకుంటాడు, ఎందుకంటే అన్నీ ఒక్కలాగే ఉంటాయి. నా హోదా సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్. వినడానికి గొప్పగానే ఉంటుంది గానీ, వాటర్ కూలర్ షాక్ కొట్టినా నన్నే పిలిచేవాళ్లు. కరెంటుతో నడిచేదేదైనా సిస్టమే అని మా వాళ్ల నమ్మకం.

మా ఎగ్జామ్ సెక్షన్‌లో ఒక లేజర్ ప్రింటర్ ఉండేది. కాలేజీ పుట్టిన కొత్తలో కొన్నది. ఇద్దరు పట్టుకుంటే గాని కదిలేది కాదు. అది మొదలుపెట్టిందంటే టేబులు మీద టీ గ్లాసు వణికేది. ఎన్ని బ్యాచ్‌లు పాసై వెళ్లాయో, ఎందరు ప్రిన్సిపాళ్లు మారారో అన్నీ చూసింది. దాని తర్వాత కొన్న ప్రింటర్లన్నీ స్టోర్ రూంలో దుమ్ము కొట్టుకుపోతుంటే ఇది మాత్రం పని చేస్తూనే ఉండేది. దానంటే నాకు గౌరవం. మా ఏవో గారి మీద లేనంత గౌరవం.

ఏవో గారంటే అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్. కాలేజీ పెట్టిన కుటుంబానికి దూరపు చుట్టం. కాలేజీలో ఏ పని జరిగినా తన వల్లే జరిగిందని, జరగకపోతే నా వల్లేనని చెప్పడం ఆయన డ్యూటీ. ఆయన పైన కాలేజీ నడిపే కరస్పాండెంట్ గారు. మంచి మనిషే, కాకపోతే ఎవరైనా మీటింగులో ఏదైనా చెబితే మర్నాటికల్లా మా నెత్తి మీద అమలు చేసేవారు. ఆ ఏడు ఏదో మీటింగులో, లైసెన్సు లేని విండోస్ వాడే కాలేజీలకు నోటీసులొస్తాయనీ, విండోస్ బదులు లినక్స్ పెట్టుకుంటే ఫ్రీ అనీ విన్నారు. మొదటి మాటకు భయపడ్డారు, రెండో మాటకు మురిసిపోయారు. దసరా సెలవుల్లో ఆఫీసు మెషిన్లన్నీ లినక్స్‌లోకి మార్చేయమన్నారు. నాకు పండగే. ఎన్నాళ్లనుంచో చెబుతున్నా విననివాళ్లు తమంతట తామే వచ్చి అడిగారు. సెలవులన్నీ అక్కడే కూర్చుని మార్చాను. పాత ప్రింటర్‌ని లినక్స్ చూడగానే గుర్తుపట్టింది. ప్రింటర్‌ని పరీక్షించడానికి కంప్యూటరే ఇచ్చే టెస్ట్ పేజీ కొట్టాను. ఠక్కున వచ్చింది. ఇంటికెళ్లి హాయిగా పడుకున్నాను.

అదే సెలవుల్లో ఇంకోటి జరిగింది. కాలేజీ స్థాపించింది కరస్పాండెంట్ గారి నాన్నగారు. మేమంతా పెద్దాయన అనేవాళ్లం. ఆయన పోయి ఏడాదైంది. సంవత్సరీకం అయ్యాక కరస్పాండెంట్ గారు ఒక ఆర్డరు వేశారు. ఇకనుంచి కాలేజీ నుంచి వెళ్లే ప్రతి కాగితం మీదా మధ్యలో, అక్షరాల వెనకాల, పెద్దాయన ఫోటో లేతగా కనబడాలి. ప్రశ్నపత్రాల మీద కూడా. ఏవో గారు స్వయంగా కూర్చుని ఆ ఫోటో పెట్టిన నమూనా ఫైలు తయారుచేసి, పెన్‌డ్రైవ్‌లో సెక్షన్ సెక్షన్‌కీ పంచారు. పెద్దాయన మొహం జిరాక్స్ మెషిన్‌లో నల్లటి మరకలా పడుతోందని ఇంకో రూలు కూడా పెట్టారు. అదివరకు ప్రశ్నపత్రం ఒక కాపీ ప్రింట్ తీసి, మిగతావి జిరాక్స్ కొట్టేవాళ్లం. ఇకమీదట ప్రతి కాపీ ప్రింటర్ నుంచే రావాలి.

సెలవులైపోయాయి. ప్రింటర్ నడక మారిపోయింది. పేజీ పంపితే పచ్చ దీపం మినుకు మినుకుమంటూ ఉండేది గానీ కాగితం కదిలేది కాదు. టీ తాగొచ్చినా అంతే, ఇంకో టీ తాగొచ్చినా అంతే. ఒక్కోసారి సగం పేజీ వచ్చి ఆగేది. ఒక్కోసారి ఏమీ రాకుండా, తనకు మెమరీ చాల్లేదని ఒక ముక్క ఇంగ్లీషులో రాసిన కాగితం కక్కేది. కాలేజీ అంతా ఒక్కటే మాట. లినక్స్ వల్లే. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడ గడ్డి కోసమన్నట్టు, క్యాంటీన్‌లో ఇడ్లీ గట్టిగా ఉన్నా లినక్స్ వల్లేనని నా మొహం మీదే జోకులేసేవాళ్లు.

ఎగ్జామ్ సెక్షన్ చూసే మేడం గురించి ఇప్పుడు చెప్పాలి. ఆవిడది ఉయ్యూరు అవతల పల్లెటూరు. వాళ్ల నాన్న చెరుకు కొట్టే కూలీ. ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆవిడే. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే, మిగతా రోజుల్లో ప్రశ్నపత్రం ఆలస్యంగా ఇచ్చిన లెక్చరర్ల మీద గొంతెత్తేదీ ఆవిడే. భర్త కౌలు రైతు. కాలవలో నీళ్లొస్తే పంట మీద, రాకపోతే ఈవిడ జీతం మీద ఇల్లు నడిచేది. ఆ ఉద్యోగం కూడా కాంట్రాక్టే. ఏటా జూన్‌లో ఒక కాగితం ఇస్తే ఉన్నట్టు, ఇవ్వకపోతే లేనట్టు.

మొదటి మిడ్ పరీక్షలకి ప్రశ్నపత్రాలు టైముకి రాలేదు. పిల్లలు హాల్లో పెన్నులు పట్టుకుని కూర్చున్నారు, మేము ప్రింటర్ ముందు నోళ్లు తెరుచుకుని కూర్చున్నాం. పరీక్ష మధ్యాహ్నానికి జరిగింది. కరస్పాండెంట్ గారు అందర్నీ పిలిచి, అత్త మీద కోపం దుత్త మీద చూపించారు. మేడంతో చెప్పారు, రెండో మిడ్‌కి కూడా ఇలాగే అయితే ఆ సీట్లో ఇంకొకరు కూర్చుంటారని. ఆ ఇంకొకరెవరో కూడా మాకు తెలుసు. ఏవో గారి మరదలు ఎంబీఏ చేసి ఖాళీగా ఉంది.

ఆ రోజునుంచి నా వైద్యం మొదలైంది. టోనర్ మార్చాను. కేబుల్ మార్చాను. డ్రైవర్ మార్చాను. డ్రైవర్ అంటే మరేం లేదు, కంప్యూటర్ మాట ప్రింటర్‌కి అర్థమయ్యేలా చెప్పే దుబాసీ. లినక్స్‌లో ఈ ప్రింటర్‌కి మూడు నాలుగు రకాల దుబాసీలున్నారు, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చూశాను. ప్రతి మార్పు తర్వాతా టెస్ట్ పేజీ కొట్టేవాణ్ణి. ప్రతిసారీ అది ఠక్కున వచ్చేది. దాన్ని పట్టుకుని ఎగ్జామ్ సెక్షన్‌కి పరిగెత్తి, 'అయిపోయింది మేడం, చూడండి' అనేవాణ్ణి. ఆవిడ ప్రశ్నపత్రం పంపేది. పచ్చ దీపం మినుకు మినుకు. మూడోసారో నాలుగోసారో ఆవిడ కళ్లద్దాలు తీసి టేబులు మీద పెట్టింది.

"సార్, పోనీ పిల్లలకి ఈ టెస్ట్ పేజీయే ఇచ్చి పరీక్ష రాయించేద్దామా అండీ?"

దీనికి తోడు మా లెక్చరర్ల అలవాటొకటి. పంపిన కాగితం రాకపోతే మళ్లీ పంపుతారు. ఇంకా రాకపోతే పక్క మెషిన్ నుంచి పంపుతారు. బస్టాండ్‌లో కిటికీలోంచి సీట్ల మీదకి తువ్వాళ్లు విసిరేసినట్టు, ఒక్క పేపరుకి పదిసార్లు బటన్ నొక్కి క్లాసుకి వెళ్లిపోతారు. అవన్నీ క్యూలో నిలబడి ఉండేవి. నేను క్యూ ఖాళీ చేసి, మెషిన్ రీస్టార్ట్ చేసి, ఊపిరి పీల్చుకునేలోపు మళ్లీ నింపేవాళ్లు.

ఏవో గారు ఊరుకోలేదు. వాస్తు తెలిసిన ఆయన్నెవర్నో కనుక్కొచ్చారు. ప్రింటర్ లోపల నిప్పులాంటి వేడి ఉంటుంది కాబట్టి దాని స్థానం ఆగ్నేయమట. ఇద్దరు అటెండర్లు ఆ బరువు మోసి ఆగ్నేయం మూల పెట్టారు. అక్కడ ప్లగ్ లేదు. ఈశాన్యం నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగాం. దాని తీగ కాలికి తగిలి ఒక హెచ్‌ఓడీ బోర్లా పడ్డారు. టెస్ట్ పేజీ మాత్రం ఆగ్నేయంలో కూడా బాగానే వచ్చింది.

రెండో మిడ్ దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లాక మేడం నా గదికొచ్చింది. తలుపు దగ్గరికి వేసింది. సొంత కాగితాలు కాలేజీ ప్రింటర్ మీద తీయకూడదని రూలు కాబట్టి ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది. చర్చిలో ఆడవాళ్ల కూడికకి పాటల కాగితం కావాల్సొచ్చిందట. ఎలాగూ రాదులే అనుకుంటూనే పంపిందట. రెండు పేజీలు, తెలుగు అక్షరాలు, కాగితం నిండా. కన్ను మూసి తెరిచేలోపు వచ్చి పడ్డాయట.

"మా పాటలు ఎగురుకుంటూ వస్తున్నాయి సార్. మీ ప్రశ్నలే రావట్లేదు."

నేను పాటల కాగితం మళ్లీ పంపించి చూశాను. నిజమే. టెస్ట్ పేజీకి కాదు, ఆ పాటలకి నా కళ్లు తెరుచుకున్నాయి. అంటే ప్రింటర్ బాగుంది, కేబుల్ బాగుంది, దుబాసీ బాగున్నాడు. తేడా మనం పంపే కాగితంలో ఉంది. ఇన్ని వారాలుగా నేను రోగికి తప్ప ఆస్పత్రిలో అందరికీ పరీక్షలు చేశాను.

ఇద్దరం ప్రశ్నపత్రం ఫైలు తెరిచి ఒక్కొక్కటీ తీసేస్తూ వచ్చాం. చుట్టూ ఉన్న అంచు గీత తీశాం. రాలేదు. కాలేజీ లోగో తీశాం. రాలేదు. మార్కుల పట్టిక తీశాం, ఫాంట్ మార్చాం, ఆఖరికి ప్రశ్నలే తీసేశాం. ఇప్పుడు పేజీలో పెద్దాయన ఒక్కరే మిగిలారు, నవ్వుతూ. పంపాం. దీపం మినుకు మినుకు. నేనూ మేడమూ మొహాలు చూసుకున్నాం.

మీరు గమనించాల్సింది ఇదే. అన్నిటికంటే ముందు అనుమానించాల్సిన దాన్ని అన్నిటికంటే ఆఖర్న ముట్టుకున్నాను. సెలవుల తర్వాత పేజీలో కొత్తగా చేరింది ఆ ఒక్క ఫోటోయే. నా కళ్లెదుటే ఉంది. అయినా నా చెయ్యి దాని జోలికి పోలేదు. దేవుడికి దండం పెట్టని నేను కూడా కాలేజీ స్థాపకుడికి మాత్రం తెలియకుండానే దండం పెట్టేశాను. కాలేజీలో ఎవర్ని కూర్చోబెట్టినా అంతే చేసేవాళ్లు.

ఫోటో సంగతి చూస్తే, కొత్త ఫోన్‌తో తీసింది, గోడకి ఫ్లెక్సీ కట్టేంత పెద్దది. ఏవో గారు దాన్ని మౌస్‌తో చిన్నగా లాగి పెట్టారు. కంటికి చిన్నదైంది గానీ బరువు తగ్గలేదు. పైగా లేతగా కనబడాలని దాన్ని పారదర్శకం చేశారు. అలా చేస్తే లినక్స్ ఏం చేస్తుందంటే, అక్షరాలు వేరు బొమ్మ వేరు అని చూడలేక మొత్తం పేజీని ఒక పెద్ద బొమ్మగా మార్చి పంపుతుంది. మా ముసలి ప్రింటర్‌కున్న మెమరీ పిసరంత. ప్రతి కాపీకీ అది ఆ బొమ్మని మింగలేక కక్కలేక గిలగిల్లాడుతోంది.

సంతోషంగా ఏవో గారి దగ్గరికి వెళ్లాను. విషయం చెప్పాను. ఆయన మొహం మాడిపోయింది.

"అంటే పెద్దాయన వల్ల కాలేజీ పనులు ఆగుతున్నాయంటావా? ఈ మాట ఈ గది దాటిందంటే నీ సంగతీ ఆవిడ సంగతీ నేను చూస్తా."

ఫోటో తీయక్కర్లేదు, బరువు తగ్గిస్తానన్నాను. తగ్గించి, మామూలు నలుపు తెలుపులోకి మార్చి, ఒక కాపీ తీసి చూపించాను. ఠక్కుననే వచ్చింది. కాకపోతే ఆ ప్రింటర్ లేత రంగుని చుక్కలు చుక్కలుగా వేస్తుంది. పెద్దాయనకి మొహమంతా అమ్మవారు పోసినట్టుంది. ఏవో గారు కాగితాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, ఇది పెద్దాయన కాదు, పోలీస్ స్టేషన్ గోడ మీద అంటించే ఫోటో అన్నారు. అది కరస్పాండెంట్ గారికి చూపించే ధైర్యం తనకు లేదన్నారు. అసలు విషయం చెప్పే ధైర్యం అంతకంటే లేదు. పిల్లి మెడలో గంట కట్టడానికి మా కాలేజీలో ఒక్క ఎలుకా లేదు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. తెలివైనదే. పెద్దాయన ఫోటోని ఊళ్లో ఆఫ్‌సెట్ ప్రెస్‌లో ముందే ఖాళీ కాగితాల మీద వేయించేస్తే, మా ప్రింటర్ వాటి మీద అక్షరాలు మాత్రం కొడుతుంది. లెటర్‌హెడ్‌లు చేసే పద్ధతే. ఏవో గారు ఇది తన ఆలోచనే అన్నారు. పోనీలే అనుకున్నాను. తర్వాత జరిగింది చూశాక ఆయన మాటే నిజమైతే బాగుండేదనిపించింది.

పరీక్ష సోమవారం. కాగితాలు శనివారం మధ్యాహ్నం ప్రెస్ నుంచి వచ్చాయి. బంగాళాఖాతంలో ఏదో తుపాను, మూడు రోజులుగా ముసురు. ఇంక్ సరిగ్గా ఆరలేదు. ఆ సంగతి ప్రెస్ వాడికి తెలుసు, మాకు తెలియదు. కాగితాలు పేర్చి మొదలుపెట్టాం. మొదటి పాతిక ముప్ఫై కాపీలు అద్భుతంగా వచ్చాయి. మేడం దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. ఆ తర్వాతి కాపీ మీద పెద్దాయన ఇద్దరున్నారు. ఒకరు మధ్యలో, ఇంకొకరు కింద మసకగా. ఆ తర్వాత ముగ్గురు.

లేజర్ ప్రింటర్‌లో అక్షరాలు కాగితానికి అతుక్కోవడానికి లోపల ఒక వేడి రోలర్ ఉంటుంది. పచ్చిగా ఉన్న ఇంక్ కాస్తా ఆ రోలర్‌కి అంటుకుంది. రోలర్ తిరిగిన ప్రతిసారీ ఆయన్ని దించుతోంది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఇన్నాళ్లూ పెద్దాయన రావట్లేదని ఏడ్చాం, ఇప్పుడు పొమ్మన్నా పోవట్లేదు. ఖాళీ తెల్లకాగితం పెట్టినా ప్రత్యక్షమవుతున్నారు. ఎవరో లెక్చరర్ పంపిన సెలవు చీటీ మీద మూడు చోట్ల నవ్వుతూ వచ్చారు. సాయంత్రం దాకా తెల్లకాగితాలు పంపుతూ రోలర్ తుడిచాం. పోగా పోగా కళ్లద్దాలు మిగిలాయి, తర్వాత మీసం మిగిలింది, చివరికి అదీ పోయింది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. మేడం నవ్వలేదు. సోమవారం తర్వాత తను ఎక్కడ పని వెతుక్కోవాలా అని ఆలోచిస్తున్నానంది. నా నవ్వు అక్కడే చచ్చిపోయింది.

ఆదివారం రాత్రి ఏవో గారు ఫోన్‌లో మళ్లీ మొదటికొచ్చారు. ఫోటో లేకుండా ఒక్క కాగితం కూడా బయటికి వెళ్లడానికి వీల్లేదు, పాత ఫైలుతోనే కొట్టండి అన్నారు. మేము సోమవారం తెల్లారకముందే బయల్దేరి వచ్చి మొదలుపెట్టినా, పదింటి పరీక్షకి అరగంట ఉందనగా కాపీల దొంతర ఒక విస్తరాకు మందం కూడా లేదు. అప్పుడు కరస్పాండెంట్ గారు లోపలికొచ్చారు. ఈసారి స్వయంగా చూస్తానని ముందే అన్నారు. దొంతర వైపు చూశారు, మేడం వైపు చూశారు.

"ఏంటమ్మా ఇది? ఇంతేనా?"

లినక్స్ అండీ, అని ఏవో గారు అందుకున్నారు. ఆ మాట నేను ఎన్నోసారి విన్నానో లెక్కలేదు. కానీ ఈసారి ఆ మాట అంటూ ఆయన కళ్లు మేడం కుర్చీ మీద ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. రిటైర్మెంటు దగ్గర్లోనే ఉంది, పోతే పోనీ అనుకున్నాను.

"లినక్స్ కాదండీ, ప్రింటర్ కూడా కాదు. పెద్దాయన ఫోటో అండీ."

కరస్పాండెంట్ గారు నెమ్మదిగా, రుజువు చూపించండి అన్నారు. చూపించాను. క్యూ ఖాళీ చేసి, ఫోటో లేని కాపీ ఒకటి పంపాను. ఆయన కళ్లజోడు సర్దుకునేలోపు చేతికిచ్చాను. తర్వాత ఫోటో ఉన్నది పంపాను. ఆయన కుర్చీ వద్దన్నారు. నిలబడ్డారు. ఆయన నిలబడితే మేమూ నిలబడాలి. దీపం మినుకుమంటోంది. ఏవో గారు అలవాటుకొద్దీ చేతులు కట్టుకున్నారు. ప్రిన్సిపాల్ గారు విషయం కనుక్కుందామని గుమ్మంలోకొచ్చి, మేమంతా తలలొంచుకుని మౌనంగా నిలబడటం చూసి, ఎవరు పోయారో తెలియకపోయినా ఆయనా వచ్చి తల వంచి నిలబడ్డారు. సంతాప సభలో కూడా మా వాళ్లు అంతసేపు మౌనం పాటించగా నేను చూడలేదు.

చివరికి కాగితం వచ్చింది. పెద్దాయన నుదురు, కనుబొమ్మలు, కళ్లద్దాల్లో సగం. అక్కడితో ఆగిపోయింది. మిగతాదంతా తెలుపు.

కరస్పాండెంట్ గారు ఆ కాగితం చేతిలోకి తీసుకున్నారు. "ఈ ఫోటో నేనే తీశానండీ," అన్నారు నాతో. "ఆస్పత్రికి తీసుకెళ్లే ముందు రోజు. ఆయన నవ్విన ఫోటో ఇదొక్కటే ఉంది మా దగ్గర."

అన్ని వారాలుగా ఆ ఫోటో మీద నేనేసిన జోకులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. తలెత్తలేకపోయాను. ఆయన మేడం వైపు తిరిగారు.

"ఇది నీకెప్పట్నుంచి తెలుసమ్మా?"

"వారం అయిందండీ."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

ఆవిడ తడుముకోలేదు. గొంతు పెంచలేదు కూడా.

"చెబితే ఆ రోజే ఉద్యోగం పోతుందండీ. చెప్పకపోతే పరీక్షయ్యాక పోతుందన్నారు. నాలుగు రోజులు ఎక్కువుంటాను కదా అని ఊరుకున్నానండీ."

ఏవో గారు ఏదో అనబోయారు. కరస్పాండెంట్ గారు చెయ్యెత్తి ఆపారు. పరీక్ష రాయాల్సిన పిల్లల ముందు తన కాలేజీ ఎలా ఉందో ఆయనకి ఆ క్షణంలో తెలిసొచ్చిందని నేననుకుంటాను. లేకపోతే ఆవిడ మాట సూటిగా తగిలి ఉండాలి. ఫోటో తీసేసి పేపర్లు ఇవ్వండి, పిల్లలు ఎదురుచూస్తున్నారు, అన్నారు. ఆ సగం కాగితాన్ని మాత్రం మడతపెట్టకుండా పట్టుకుని వెళ్లారు.

ఫోటో తీసేసి ఒక్కో సబ్జెక్టుకి ఒక్కో కాపీ కొట్టి, జిరాక్స్ మీదకి ఉరికాం. పరీక్ష కాస్త ఆలస్యంగా మొదలైంది. వాయిదా పడుతుందని ఆశపడ్డ పిల్లలు మమ్మల్ని తిట్టుకుంటూ రాశారు. తర్వాతి వారం పెద్దాయన ఫోటో కాలేజీ ముందు హాల్లో ఒక తలుపంత ఫ్రేములో వెలిసింది. అంత పెద్ద ఫోటోకి గోడే సరైన చోటు. కరస్పాండెంట్ గారు స్టాఫ్ మీటింగులో మేడం పేరెత్తి, నిజం మొహం మీద చెప్పే మనిషి ఒకరైనా ఉండాలని అందరి ముందూ మెచ్చుకున్నారు. ఏవో గారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

నేను మాత్రం గట్టిగా ఆశ పెట్టుకున్నాను. అన్ని పొగడ్తల తర్వాత ఆవిణ్ణి పర్మినెంట్ చేస్తారని. జూన్‌లో ఆర్డర్లు తయారైనప్పుడు ఆ ఫైలు కూడా మా ముసలి ప్రింటర్‌కే వచ్చింది. ఆవిడ కాగితం నేనే అందుకున్నాను. క్షణంలో వచ్చింది, ఒక్క అక్షరం చెదరకుండా. ఇంకా వేడిగానే ఉంది. చదివాను. కాంట్రాక్టు, ఒక ఏడాది. ఎప్పటిలాగే.

ఆ వేడి కాగితం పట్టుకుని కరస్పాండెంట్ గారి గదికి బయల్దేరాను. నాలుగు మాటలు అడిగేద్దామనే. మేడం తలుపు దగ్గర అడ్డం నిలబడి, చేతిలోంచి కాగితం తీసుకుని, ఆసాంతం చదివి, సంతకం చేయాల్సిన చోట సంతకం చేసింది.

"ఎందుకొచ్చిన గొడవ సార్. ఏడాదికిచ్చారుగా," అంది. "ఈలోగా ఇంకేదో చెడిపోతుంది. వెళ్లి వాళ్లకి చెప్పడానికి ఎవరో ఒకరు ఉండాలి కదండీ."